మూడో ఇంటివాళ్లని అడగాలి

కనక రోజు వావిలాకుతో మొదలవుతుంది. పొద్దున్నే నీళ్లు మరగబెట్టి, అందులో రెండు గుప్పెళ్ల వావిలాకు వేసి, ఆ నీళ్లలో ముంచిన గుడ్డతో కుడి మోకాలికి కాపడం పెట్టుకుంటుంది. కాఫీ తోటలో పళ్లు కోస్తూ జారిపడ్డప్పటి నొప్పి అది, నాలుగేళ్లయినా పోలేదు. తర్వాత గిన్నెడు చోడి అంబలి తాగి, పార భుజాన వేసుకుని మడికి పోతుంది. మోకాలు బాగున్న రోజుల్లో పాడుకుంటూ వెళ్లేది. ఇప్పుడు తిట్టుకుంటూ వెళ్తుంది. ఆ తిట్లు కూడా మోకాలికే, కొండని మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు.

వాళ్ల ఊరు జోలగుడ. అరకు నుంచి సుంకరమెట్ట పోయే దారిలో రోడ్డు దిగి గంట నడిస్తే వస్తుంది. ఆ ఊళ్లో ఫలానావాళ్ల మడి ఎక్కడ అని అడిగితే, ఏ సంవత్సరం అని ఎదురు అడుగుతారు. ముప్ఫై నాలుగు గడపలు, కొండవాలు మీద మెట్లుమెట్లుగా ముప్ఫై నాలుగు మడులు. ఎడమవైపు నిట్టనిలువు బండ. బండ పక్కనే, అన్నిటికన్నా పైన, మూలన ఊట. నీళ్లు అక్కణ్ణించి కుడికీ కిందికీ పారతాయి. కుడివైపూ కిందా గెడ్డ, అంటే కొండవాగు, కోసుకుంటూ పోయింది కాబట్టి పై వరసలో ఎనిమిది మడులుంటే ఆఖరి వరసలో రెండే ఉంటాయి. ఊట పక్కన మూల మడికి నడివేసవిలోనూ తడి ఆరదు. గెడ్డ అంచు మడులకి శ్రావణంలో కూడా ఎదురుచూపే. ఇంకో ఊరైతే ఈపాటికి తలలు పగిలేవి. ఇక్కడ ఆ గొడవ లేదు, ఎందుకంటే మడులు కదులుతాయి.

ఏటా చైత్రంలో ఇటుకల పండగనాడు ఊట మడి ఇంటివాళ్లు తమ మడిని వదిలేస్తారు. ఆ ఖాళీకి కుడిపక్కన ఒక మడి, కింద ఒక మడి ఉంటాయి కదా, ఆ రెంటిలో ఎవరి వంతు ముందుంటే వాళ్ల మడి ఖాళీలోకి జరుగుతుంది. దాంతో దాని చోటు ఖాళీ అవుతుంది. మళ్లీ అక్కడికి కుడిదో కిందిదో జరుగుతుంది. అలా ఖాళీ ఒక్కో మడే దాటుకుంటూ గెడ్డ అంచుకి చేరి ఆగుతుంది. ఆ అంచు చోటు ఊట మడి వదులుకున్న ఇంటికి. వాళ్ల వంతు ఇక అందరికన్నా చివర. గట్లు, గట్ల మీద కంది మోళ్లు, బొరియల్లో ఎండ్రకాయలు అన్నీ మడితో పాటే పోతాయి. జనం జీలుగు కల్లు తాగి, పండగ భోజనం చేసి మధ్యాహ్నం కొండకి వెళ్లేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఎవరిది ఎటు జరిగిందో చూసుకుని, ఆ ఏడాదికి దారి గుర్తుపెట్టుకుని ఇంటికి వస్తారు.

ఇందులో ఒక కట్టుబాటు ఉంది. అన్నిటికన్నా ఆఖర్న కదిలిన మడి, అంటే గెడ్డ అంచు వదిలి లోపలికి జరిగిన మడి, మూడేళ్ల దాకా కుదుటపడదంటారు. ఆ మూడేళ్లూ ఆ ఇంటివాళ్లు అందులో కాలు పెట్టకూడదు. మిగిలిన ముప్ఫై మూడు గడపలవాళ్లు వంతులేసుకుని దున్ని, నాటి, కోసి, గింజలు తెచ్చి వాళ్ల గడపలో పోయాలి. కనక మడి గెడ్డ అంచునే ఉంది. మొగుడు బతికున్న రోజుల్లో ఊట మడి వదిలి అక్కడికి వచ్చారు. పద్దెనిమిది పండగలు గడిచాయి, మొగుడూ పోయాడు. మడి మాత్రం అంగుళం కదల్లేదు.

కనక ఒక్కగానొక్క కూతురు నీలవేణి. అయిదో ఏట ఆశ్రమ పాఠశాల హాస్టల్‌కి వెళ్లింది మొదలు, హాస్టల్ తర్వాత హాస్టల్‌గా పెరిగి, విశాఖపట్నంలో ఎమ్మెస్సీ లెక్కలు చేసి, 1993లో పరిశోధనలో చేరింది. అల్జీబ్రాయిక్ కాంబినటోరిక్స్ అనే ఆ పేరు ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. గళ్లలో అంకెలు పేర్చే చదువని ఆమె చెప్పింది. అప్పట్నించి ఊరందరికీ అది గళ్ల చదువు.

చేరిన మొదటి నెలలోనే ప్రొఫెసర్ సువార్తరావు బోర్డు మీద మెట్లుమెట్లుగా గళ్లు గీసి, గడికో అంకె వేసి, పై మూలది తుడిచేశారు. "ఇప్పుడు కుడిదీ కిందిదీ చూడాలి. ఏ అంకె చిన్నదైతే అది ఇందులోకి జరుగుతుంది," అన్నారు.

"మా మడులూ అంతే సార్," అంది నీలవేణి.

సువార్తరావు సుద్దముక్క కింద పెట్టారు. "ఎన్ని మడులు?"

"ముప్ఫై నాలుగు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు సార్."

మరుసటి చైత్రంలో ఆయన గొడుగు పట్టుకుని కిరండూల్ పాసింజర్లో వచ్చారు. కల్లు వద్దని టీ తాగారు. మధ్యాహ్నం అందరితో పాటు కొండకి వెళ్లి చూసి, "నీటుగా ఉంది," అన్నారు. తిరుగు ప్రయాణంలో, సొరంగాల మధ్య వెలుతురు వచ్చినప్పుడల్లా కాస్త కాస్త రాస్తూ, ఆమె పరిశోధనకి ప్రశ్న తయారుచేశారు. కొండంతా చూడక్కర్లేకుండా, ఒక్క గెడ్డ అంచు మడుల వంతులు తెలిస్తే చాలు, ఆ ఏడాది ఏ మడి ఆఖర్న కదులుతుందో చెప్పగలమా? ఈ ఒక్క కొండకి కాదు, ఇలాంటి ఆకారాలన్నిటికీ.

చెప్పగలమని నిరూపించడానికి నీలవేణికి మూడేళ్లు పట్టింది. నిరూపణ నలభై ఒక్క పేజీలు. సువార్తరావు రెండుసార్లు చదివి ఎక్కడా ఎర్ర ఇంకు పెట్టలేదు. మద్రాసు సదస్సులో ఆమె మాట్లాడితే పెద్దపెద్దవాళ్లు తలలూపారు. జరిగిపోయిన మూడు పండగలకీ లెక్కేస్తే కొండతో సరిపోయింది. 1997 పండగకి మాత్రం ముందే లెక్కేసి, ఈసారి ఆఖర్న కదిలేది పక్కింటి సోంబరు మడి అని కాగితం మీద రాసుకుంది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే కదిలింది మల్లేశు మడి.

మనుషుల విషయంలో నూటికి తొంభైతొమ్మిది నిజమైతే మంచివాడంటాం. లెక్కల్లో ఆ మర్యాద లేదు. ఒక్కచోట తప్పితే సిద్ధాంతం మొత్తం పోయినట్టే. నీలవేణి గెడ్డలో కూచుని ఏడ్చింది.

"కొండ తప్పు చెయ్యదమ్మా," అన్నారు సువార్తరావు. "నిరూపణలోనే ఎక్కడో ఉంది. వెతుకు."

ఏడాదంతా వెతికింది. నలభై ఒక్క పేజీలూ పంక్తి పంక్తీ విప్పి మళ్లీ కట్టింది. తప్పు కనిపించలేదు. కొండలో తప్పుండదు, నిరూపణలో తప్పు దొరకదు, మధ్యలో ఆమె నిద్రపోవడం మానేసింది.

అలా 1998 ఏప్రిల్ వచ్చింది. ఫెలోషిప్ జూన్‌తో ఆఖరు. పాడేరు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు ఉద్యోగానికి ఉత్తర్వు వచ్చింది. నెలాఖరు, ముప్ఫయ్యో తేదీలోగా చేరాలి. నీలవేణి పుస్తకాలు పెట్టెలో సర్దుకుని, పండగకి నాలుగు రోజుల ముందే ఇంటికి వచ్చేసింది.

"సేరిపోతావేటి?" అంది కనక, మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ.

"చేరతానమ్మా. ఆ మోకాలితో ఇంకెన్నాళ్లు దున్నుతావు? నేను జీతం తెస్తే మడి ఎవరికైనా పాలికివ్వొచ్చు."

"నా మోకాలికోసం నువ్వు ఉజ్జోగం సెయ్యక్కర్లేదు. మరా గళ్ల సదువో?"

"అది అయిపోయిందమ్మా."

"అయిపోనాదా, వదిలేసినావా?"

నీలవేణి పుస్తకాల పెట్టెని గోడ వారకి తోసింది. కనక రెట్టించలేదు. టీచరు ఉద్యోగమంటే ఆమెకి చులకన లేదు. అయితే ఆ గళ్ల ముందు కూచున్నప్పుడు పిల్ల మొహం ఎలా వెలిగేదో ఆమె చూసింది. ఏడాదిగా ఆ వెలుగు లేదు. అది ఇక రాదేమోనని తల్లికి దిగులు. ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక పార తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు నీలవేణి పక్కింటికి వెళ్లింది. సోంబరు భార్య ముత్యాలమ్మ పండగ భోజనాలకి అడ్డాకులు కుడుతోంది. నీలవేణి కూడా కూచుని నాలుగు ఆకులు కుట్టింది. కాగితాలు పెట్టెలో పెట్టేముందు ఆఖరిసారి సరిచూసుకుందామని, ఊరివాళ్ల వంతుల జాబితా పైకి చదివింది. "ఊట మడి భాస్కర్ వాళ్లది, ఒకటి. మంగ్లు వాళ్లు రెండు..." ముత్యాలమ్మ ఊఁ కొడుతూ వింటోంది. "ఫల్గుణ వాళ్లు పదిహేను. సోంబరు చిన్నాన్న పదహారు. మేం పదిహేడు."

ముత్యాలమ్మ సూదిపుల్ల ఆపేసింది. తర్వాత పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"ఎవులు సెప్పినారే గుంటా?"

"మా అమ్మే, పిన్నీ. అయిదేళ్ల కిందట అందరి వంతులూ అమ్మే చెప్పింది. నేను రాసుకున్నాను. ఏటా ఒక్కో అంకె తగ్గించుకుంటూ వస్తున్నాను."

"మీ యమ్మా! అదలాగే సెప్తాది మరి. దానిల్లు కాదేటి? సొంత వంతు సెప్పాలంటే పక్కింటోలి ఎనకాల నిలబడే సెప్పాల. మేం ముందని నోటితో అంటే కొండ నవ్వుతాది."

నీలవేణి చేతిలో ఆకు చిరిగింది. "అయితే మేం మీకన్నా ముందా?"

"నన్నడుగుతావేటే? మేం మీ ఎనకాలే."

"అమ్మ మేం వెనకంటుంది, నువ్వు మీరు వెనకంటావు. నిజం ఎవరు చెప్తారు?"

"మూడో ఇంటోల్ని అడగాల," అంది ముత్యాలమ్మ, ఇంత తెలీదా అన్నట్టు. "బొడ్డూడని గుంటలకి కూడా తెలుసు. నువ్వు హాస్టల్లో పెరిగినావు, నీకెవులు సెప్తారు!"

పండగకి ముహూర్తం పెట్టే దిసారి సుక్రు తన అరుగు మీద ఎండకి వీపు పెట్టుకుని కూచున్నాడు. నీలవేణి పరిగెత్తుకుంటూ వెళ్లి అడిగింది. "తాతా, మా ఇల్లూ సోంబరు చిన్నాన్న ఇల్లూ, ఎవరి వంతు ముందు?"

"కనకోలిది," అన్నాడు సుక్రు. "ఆ ఎనక సోంబరోలిది. ఏల?"

"అయిదేళ్ల లెక్క తాతా."

"అయిదేళ్లు అడక్కుండా ఏటి సేసినావు?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నీలవేణికి మాత్రం అమ్మని అడగడమే కొంప ముంచింది. అమ్మ ముప్ఫై రెండు గడపల వంతులూ అక్షరాలా నిజం చెప్పి, తన గడపా పక్కింటి గడపా వచ్చేసరికి మర్యాద పాటించింది. కూతురేమో చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నలభై ఒక్క పేజీల్లో తప్పు వెతికింది.

సుక్రు అరుగు మీదే కూచుని పదహారునీ పదిహేడునీ తారుమారు చేసింది. కిందటేడాది లెక్క మళ్లీ వేసింది. మల్లేశు మడి అని వచ్చింది. మరోసారి వేసింది. మల్లేశే. ఏడవాలో నవ్వాలో తెలియక ముసలాయన కాళ్లకి దండం పెట్టింది. సుక్రు దీవించి, కాస్త జరగమన్నాడు, ఆమె నీడ ఎండకి అడ్డంగా ఉందని.

అప్పుడు ఈ ఏడాది లెక్క వేసింది. వేశాక కాగితం మడిచి జాకెట్లో దాచుకుంది. మళ్లీ తీసి మరో రెండుసార్లు వేసింది. మూడుసార్లూ ఒకే ఇల్లు వచ్చింది. తమ ఇల్లు.

సుంకరమెట్ట ఎస్టీడీ బూత్ నుంచి సువార్తరావుకి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"నిరూపణలో తప్పు లేదని నాకు అప్పుడే అనిపించింది," అన్నారాయన.

"అప్పుడు అలా అనలేదు సార్."

"ఇప్పుడంటున్నాగా. మరి ఈ ఏడాది ఎవరి మడి వస్తోంది?"

"మూడో ఇంటివాళ్లని అడగాలి సార్."

ఆయనకి అర్థమై గట్టిగా నవ్వారు. తర్వాత నెమ్మదిగా, "చూడమ్మా, కొండ ఒప్పుకుంటే సిద్ధాంతం నిలుస్తుంది. ఒప్పుకోకపోతే?" అన్నారు.

"పాడేరు సార్."

పండగ దాకా ఆమె ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది. అమ్మకి చెప్పకూడదు. సొంత గడప సంగతి నోటితో అంటే ఏమవుతుందో ఇప్పుడు తనకీ తెలుసు. ఏడాదిగా లెక్కల్ని నమ్మని మనిషి ఆ మూడు రోజులూ కొండకి మొక్కుకుంది. లెక్క తప్పితే చదువూ పోతుంది, అమ్మ మోకాలూ అలాగే ఉంటుంది.

పండగనాడు మగవాళ్లు పొద్దున్నే అడవికి వేటకి పోయారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర కట్టి వచ్చేపోయేవాళ్లని ఆపి అల్లరి చేశారు. ఇంటింటి నుంచీ తెచ్చిన చోళ్లూ, సామలూ, కందులూ కలిపి సుక్రు అమ్మవారి ముందు పెట్టి, దొప్పల్లో పోసి ఇంటికింత పంచాడు. చేతులు కలిపి థింసా ఆడారు. ముత్యాలమ్మ కుట్టిన ఆకుల్లో అందరూ తిన్నారు. నీలవేణి ముద్ద ఆకులోనే ఎండింది.

"తినవేటి? కడుపు నొప్పేటి?" అంది కనక.

"ఆకలి లేదమ్మా. కొండకి పోదాం పద."

"ఉండవే, ఇంకా కల్లు అవలేదు."

కల్లు అయింది. జనం బయల్దేరారు. కనక కూతురి భుజం పట్టుకుని, అడుగడుక్కీ ఆగుతూ, అందరి వెనకా నడిచింది. గెడ్డ దాటకముందే ముందు వెళ్లిన సోంబరు కేక వినిపించింది.

"కనకొదినా! మీ మడి ఇక్కడ నేదూ!"

పద్దెనిమిదేళ్లుగా మడి ఉన్న చోట తడి ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. ఊట మడి వదిలిన భాస్కర్ అప్పటికే ఆ కొత్త చోటు చుట్టూ తిరిగి కొలుచుకుంటున్నాడు. కనక మడి ఒక మెట్టు పైకి ఎక్కింది. మొగుడు రాయి మీద రాయి పేర్చి కట్టిన గట్టు, ఒక్క రాయీ కదలకుండా, అక్కడ కూచుని ఉంది. గట్టు మీది బీర తీగ పూలతో సహా వచ్చింది.

కనక గట్టు దగ్గరికి వెళ్లి, అలవాటుగా లోపలికి కాలు ఎత్తింది.

"ఆగొదినా!" ముత్యాలమ్మ వచ్చి రెక్క పట్టుకుంది. "కాలెట్టకు. మూడేళ్లు."

"మరి ఎవులు దున్నుతారు?" అంది కనక. ఇన్నేళ్లూ ఇతరుల మడులు తనూ దున్నిపెట్టిన మనిషే, అయినా ఆ క్షణాన ఆమెకి నిజంగానే తట్టలేదు.

"మేం నేమేటి?" అన్నాడు సోంబరు. "మోకాలు ఇరిగినా మా అందరివీ దున్నినావు. బేగి ఇంటికెల్లి కూకో."

కనక గట్టు మీది రాయిని పట్టుకుని ఏడ్చింది. సంతోషానికే ఏడ్చింది. ఆమెని చూసి నీలవేణీ ఏడ్చింది. సిద్ధాంతం నిలిచిందనో, అమ్మ కాలికి మూడేళ్లు సెలవు దొరికిందనో, దేనికెంత ఏడ్చిందో ఆమెకే తెలియదు. తర్వాతి కాలంలో ఆమె యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది, ఆ సిద్ధాంతం మీద ఇంకా తొమ్మిది పత్రాలు రాసింది. 2004లో బెంగళూరు సదస్సులో ఎవరో, దీన్ని ఎలా సరిచూసుకున్నారని అడిగితే, పక్కింటి పిన్నిని అడిగానని చెప్పింది. అందరూ నవ్వారు. సువార్తరావు మాత్రం, అవును, అంతే, అన్నారు.

ఏప్రిల్ ముప్ఫయ్యో తేదీ పొద్దున్న తల్లీకూతుళ్లు అరుగు మీద కూచున్నారు. నీలవేణి నిరూపణని మొదటి నుంచీ శుభ్రంగా తిరగరాస్తోంది. కనకకి పుట్టి బుద్ధెరిగాక పని లేకుండా తెల్లారడం ఇదే మొదలు. చేతులు ఒళ్లో పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. గాలి విసురుకి కాగితం లేవబోతే ఠక్కున అరచెయ్యి దాని మీద ఆనించింది. పని దొరికినందుకు ఆమె మొహం తేటపడింది.

ఘాట్ మలుపులో బస్సు హారన్ కొట్టింది. ఆ చప్పుడు కొండ తిరిగి ఊరి దాకా వచ్చింది.

"పాడేరు బస్సు," అంది కనక.

"ఊఁ."

"ఎల్లిపోతాది."

"పోనీ అమ్మా," అంది నీలవేణి, రాస్తూనే. "చెయ్యి కొంచెం పక్కకి. అడుగు పంక్తి రాయాలి."

కనక చెయ్యి కొంచెం పక్కకి జరిపింది.